ఆడియో ఇంటర్‌ఫేస్‌తో చిటపటలు, దారితప్పిన శబ్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవారు, డబ్బింగ్ చెప్పేవారు, ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పేవారు బయటి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి, కంప్యూటర్ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లోకి చేర్చే పెట్టె) కొన్న కొత్తలో అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చడమైనది. విండోస్ 10 లేదా 11 నడిచే ల్యాప్‌టాప్‌కు తగిలించిన రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను దృష్టిలో ఉంచుకొని రాసిన జవాబులివి. మ్యాక్, లినక్స్ వాడేవారికి తేడా ఉన్నచోట ఆ సంగతి అక్కడే ఉంది. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ సలహా పాటించినా ఒక విడతకు ఒక్క మార్పే చేసి, విని, ఆ తర్వాతే రెండోది చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే చిటపట పోయినా ఎందుకు పోయిందో తెలియదు. వారం తర్వాత తిరిగొస్తే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

## తగిలించే దశ

ఇంటర్‌ఫేస్‌లో లైటు వెలుగుతోంది, కానీ కంప్యూటర్‌లో దాని పేరే కనిపించడం లేదు. ఏం చేయాలి?

లైటు వెలగడమంటే కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. ఫోన్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే తప్ప డేటా తీగలు ఉండవు. అలాంటి కేబుల్‌తో లైటు చక్కగా వెలుగుతుంది, పని మాత్రం జరగదు. కాబట్టి మొదట కేబుల్ మార్చి, హబ్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులోనే పెట్టి చూడండి. అప్పటికీ కనిపించకపోతే డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్ మాట్లాడేలా చేసే సాఫ్ట్‌వేర్) సంగతి చూడాలి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ప్రమాణం పాటించే పరికరాలకు విండోస్‌లో సొంత డ్రైవర్ 2017లో వచ్చిన 1703 వెర్షన్‌తోనే మొదలైంది. అయినా తయారీదారు ఇచ్చే డ్రైవర్ ఉంటే దాన్నే వేసుకోవడం మేలు, ఎందుకంటే రికార్డింగ్‌లో ఆలస్యం తగ్గించే ఏసియో అనే డ్రైవర్ దానితోనే వస్తుంది. కొందరు తయారీదారులు డ్రైవర్ వేశాకే పరికరాన్ని తగిలించమంటారు. ఆ క్రమం తప్పితే డ్రైవర్ తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, చెప్పిన వరుసలో మళ్లీ మొదలుపెట్టడం తప్ప దగ్గరి దారి లేదు.

యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే క్వాలిటీ పెరుగుతుందా? హబ్ వాడవచ్చా?

పెరగదు. 24 బిట్లు, 48,000 హెర్ట్జ్ చొప్పున రెండు ఛానెళ్ల శబ్దానికి సెకనుకు సుమారు 2.3 మెగాబిట్లు చాలు; యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లు. ఇక్కడ చిక్కు వేగంతో కాదు, కరెంటుతోనూ సమయపాలనతోనూ వస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇస్తాయి. సొంత అడాప్టర్ లేని హబ్‌లో వెబ్‌క్యామ్, హార్డ్ డిస్క్, ఇంటర్‌ఫేస్ మూడూ ఆ కాస్త కరెంటునే పంచుకుంటాయి. పైగా కండెన్సర్ మైకుకు ఫాంటమ్ పవర్ (మైక్ తీగలోంచే మైకుకు పంపే కరెంటు) కూడా అందులోంచే పోవాలి. హబ్ తప్పనిసరైతే సొంత అడాప్టర్ ఉన్నది కొనండి, ఇంటర్‌ఫేస్‌కు మాత్రం ల్యాప్‌టాప్ మీద ఒక పోర్టు విడిగా కేటాయించండి.

ఫాంటమ్ పవర్ బటన్ నొక్కగానే పెద్దగా 'టప్' మంది. ఏమైనా పాడైందా?

పాడవలేదు. మైక్ లైన్‌లోకి 48 వోల్టులు ఒక్కసారిగా రావడం వల్ల వచ్చే శబ్దమది. ఇకమీదట గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే నాబ్), హెడ్‌ఫోన్ వాల్యూమ్ రెండూ తగ్గించి ఆ బటన్ నొక్కండి. డైనమిక్ మైకుకు ఫాంటమ్ అవసరం లేదు. సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో ఉంటే దానివల్ల హాని కూడా లేదు. పాతకాలపు రిబ్బన్ మైకుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

## శబ్దం ఎటు నుంచి ఎటు వెళ్తోంది

ఇంటర్‌ఫేస్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టాను, కానీ యూట్యూబ్ సౌండ్ ఇంకా ల్యాప్‌టాప్ స్పీకర్లలోంచే వస్తోంది. ఎందుకు?

విండోస్‌లో అవుట్‌పుట్ పరికరంగా ఇంకా ల్యాప్‌టాప్ స్పీకర్లే ఎంపికై ఉన్నాయి. టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తు నొక్కి ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోండి. అలా చేసినా ఒక్క బ్రౌజర్ మాత్రం మాట వినకపోతే వాల్యూమ్ మిక్సర్ తెరవండి: విండోస్ ప్రతి యాప్‌కు విడిగా అవుట్‌పుట్ గుర్తుంచుకుంటుంది కనుక ఎప్పుడో ఒకసారి చేసిన ఎంపిక అక్కడే ఉండిపోతుంది. హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్ లేదా టీవీ తగిలించినప్పుడు శబ్దం దానివైపు మళ్లిపోవడం కూడా మామూలే.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే యూట్యూబ్ సౌండ్ ఆగిపోతోంది. రెండూ కలిసి పనిచేయవా?

పనిచేస్తాయి, కానీ రెండింటి దారులు వేరు. మామూలు యాప్‌ల శబ్దాలన్నీ విండోస్ మిక్సర్‌లో కలిసి, ఒకే శాంపుల్ రేటుకు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్కకు) మారి, ఆ తర్వాతే ఇంటర్‌ఫేస్‌కు చేరతాయి. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏసియో ఆ మిక్సర్‌ను పూర్తిగా దాటేసి పరికరంతో నేరుగా మాట్లాడుతుంది. ఆలస్యం తగ్గడానికి కారణమూ అదే, ఈ గొడవకు కారణమూ అదే. కొన్ని డ్రైవర్లు రెండు దారులనూ ఒకేసారి అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు.

అనుమతించే డ్రైవర్ ఉండి కూడా శబ్దం ఆగితే శాంపుల్ రేట్ల తగాదా అయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ 44,100 కోరి, విండోస్ 48,000 దగ్గర ఉంటే పరికరం ఒక్కరి మాటే వినగలదు. రెండుచోట్లా ఒకే రేటు పెట్టండి. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో పరికరం ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్ టిక్‌లు తీసేయడం కూడా ఉపకరిస్తుంది. తయారీదారు సొంత ఏసియో డ్రైవర్ ఇవ్వని చవక ఇంటర్‌ఫేస్‌లకు ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వాడతారు. అది పరికరాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంటుంది కాబట్టి యూట్యూబ్ వినాలంటే సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టక తప్పదు. రీపర్, క్యూబేస్ వంటివాటిలో, తెర వెనక్కి వెళ్లినప్పుడు డ్రైవర్‌ను వదిలేసే ఆప్షన్ ఉంది. మ్యాక్‌లో కోర్ ఆడియో యాప్‌లన్నింటినీ తానే కలుపుతుంది కనుక ఈ ఇబ్బంది చాలా అరుదు.

కంప్యూటర్‌లో ప్లే అయ్యే కరోకే ట్రాక్, నా గొంతు కలిపి రికార్డు చేయాలి. లూప్‌బ్యాక్ కావాలా?

లూప్‌బ్యాక్ అంటే కంప్యూటర్‌లో ప్లే అయ్యే శబ్దాన్నే తిరిగి ఇన్‌పుట్‌గా పంపడం. చాలామందికి అది అక్కర్లేదు. ట్రాక్ ఫైలు మీ దగ్గరుంటే దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్‌పై వేసి, మరో ట్రాక్‌పై పాడి రికార్డు చేయండి. గొంతు విడిగా ఉంటుంది, తర్వాత సరిచేసుకోవచ్చు. లూప్‌బ్యాక్ నిజంగా అవసరమయ్యేది లైవ్‌లోనే.

మీ ఇంటర్‌ఫేస్‌లో లూప్‌బ్యాక్ సదుపాయం ఉంటే అదే వాడండి. లేకపోతే ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌లు విండోస్‌లో వీబీ-కేబుల్, వాయిస్‌మీటర్, మ్యాక్‌లో బ్లాక్‌హోల్ ఉన్నాయి. లినక్స్‌లో పైప్‌వైర్ ఉంటే ఏ యాప్ శబ్దాన్నైనా ఏ ఇన్‌పుట్‌కైనా గీత గీసి కలిపే వీలుంది. ఒక హెచ్చరిక: లూప్‌బ్యాక్ ఛానెల్‌ను రికార్డు చేసే ట్రాక్‌లో మానిటరింగ్ (లోపలికొచ్చే శబ్దాన్ని వెంటనే వినిపించడం) ఆన్ చేయకండి. బయటికి వెళ్లిన శబ్దం లోపలికొచ్చి మళ్లీ బయటికే వెళ్తూ క్షణంలో చెవులు చిల్లులు పడే కూతగా మారుతుంది. మొదటిసారి పరీక్షించేటప్పుడు హెడ్‌ఫోన్స్ చెవులనుంచి తీసి పక్కన పెట్టడం మంచిది.

నా మాట ఎడమ చెవిలోనే వినిపిస్తోంది. మైక్ పోయిందా?

మైక్ బాగానే ఉంది. మొదటి ఇన్‌పుట్‌ను ఎడమగా, రెండోదాన్ని కుడిగా లెక్కించి రెండింటినీ కలిపి ఒక స్టీరియో జతగా విండోస్ చూపిస్తుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ ఇన్‌పుట్‌ను మోనోగా, ఇన్‌పుట్ 1గా మార్చండి. లైవ్ ప్రసారాలకు వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో అయితే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆ మైకుకు ఎదురుగా మోనో టిక్ పెట్టండి.

ఇంటర్‌ఫేస్ మీద సిగ్నల్ లైటు వెలుగుతోంది, సాఫ్ట్‌వేర్ మీటర్ మాత్రం కదలడం లేదు.

మైక్ నుంచి ఇంటర్‌ఫేస్ దాకా దారి బాగున్నట్టే. ఆగిపోయింది కంప్యూటర్ లోపల. విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ భాగానికి వెళ్లి, కింద డెస్క్‌టాప్ యాప్‌ల కోసం ఉన్న స్విచ్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. మ్యాక్‌లో యాప్ మొదటిసారి అనుమతి అడిగినప్పుడు పొరపాటున వద్దని నొక్కితే, ఆ తర్వాత ఏ ఎర్రరూ చూపకుండా నిశ్శబ్దాన్నే రికార్డు చేస్తుంది. అనుమతులు సరిగా ఉంటే ట్రాక్‌కు ఇన్‌పుట్ 2 ఎంచుకొని మైక్ ఇన్‌పుట్ 1లో పెట్టలేదు కదా అని చూడండి.

## చిటపటలు, గరగరలు

చిటపట ఎక్కడినుంచి వస్తోందో ఎలా కనిపెట్టాలి?

సెట్టింగ్స్ జోలికి పోకముందు రెండు నిమిషాలు చెవి పెట్టి వినండి. చిటపట అని అందరూ ఒకే మాట వాడినా దాని వెనుక కనీసం ఐదు వేర్వేరు జబ్బులున్నాయి.

గట్టిగా పాడినప్పుడే, పై స్థాయి అందుకున్నప్పుడే శబ్దం చీలితే అది క్లిప్పింగ్, గెయిన్ ఎక్కువైంది. గొంతు పెద్దదైనా చిన్నదైనా సంబంధం లేకుండా, పోపులో ఆవాల్లాగా ఒక లెక్కా జమా లేకుండా చిటపటలాడుతూ, ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో వేసుకునే ఎఫెక్టులు) పెరిగేకొద్దీ పెరిగితే కంప్యూటర్ శబ్దాన్ని సమయానికి అందించలేకపోతోందన్నమాట. గడియారం కొట్టినట్టు కచ్చితమైన విరామాలతో 'టిక్' మంటే రెండు పరికరాల క్లాకులు (శాంపుళ్ల వేగాన్ని నడిపే లోపలి గడియారాలు) కుదరడం లేదు, లేదా ఏదో డ్రైవర్ నిర్ణీత సమయానికోసారి నిద్రలేస్తోంది. కేబుల్ కదిపినప్పుడు బర్రుమంటే కేబుల్ లేదా జాక్ పోయింది. తెరిపి లేకుండా 'మ్మ్' అని మోగుతుంటే అది కరెంటు, ఎర్తింగ్‌లకు సంబంధించినది.

తర్వాత చిన్న పరీక్ష చేయండి. అర నిమిషం రికార్డు చేసి, ఆ ఫైలును ఫోనులోకి పంపుకొని వినండి. ఫోనులోనూ చిటపట ఉంటే అది రికార్డింగ్‌లోనే పడింది. ఫోనులో శుభ్రంగా ఉంటే తప్పు వినిపించే దారిలో ఉంది, రికార్డింగ్ క్షేమం. ఫైలులోనే ఉన్నట్టయితే ఆ చోట వేవ్‌ఫామ్‌ను బాగా పెద్దది చేసి చూడండి: కొండ శిఖరం కోసేసినట్టు చదునుగా ఉంటే క్లిప్పింగ్, గీత హఠాత్తుగా నిట్టనిలువుగా తెగి మరోచోట మొదలైతే శాంపుళ్లు జారిపోయాయి.

బఫర్ సైజు ఎంత పెట్టాలి?

పాడేటప్పుడు, వాయించేటప్పుడు 128 లేదా 256. మిక్సింగ్‌లో 512 లేదా 1024. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే శాంపుళ్ల సంఖ్య. దాన్ని శాంపుల్ రేటుతో భాగిస్తే ఆలస్యం వస్తుంది: 48,000 హెర్ట్జ్ దగ్గర 128 శాంపుళ్లంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 1024 అంటే 21.3. ఇది ఒక వైపు లెక్క మాత్రమే. మైక్ నుంచి హెడ్‌ఫోన్ దాకా రానూపోనూ దూరంలో ఇది రెండుసార్లు పడుతుంది, కన్వర్టర్లూ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చేవి) యూఎస్‌బీ డ్రైవరూ తీసుకునే సమయం దానికి అదనం. బఫర్ తగ్గిస్తే కంప్యూటర్‌కు గడువు తగ్గుతుంది, గడువు తప్పిన ప్రతిసారీ ఒక చిటపట. మిక్సింగ్‌లో ఆలస్యం ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ 64 పెట్టుకొని అవస్థ పడటంలో అర్థం లేదు.

బఫర్ 1024 పెట్టాను, సీపీయూ వాడకం 20 శాతమే. అయినా చిటపటలు పోలేదు. ఇంకేం చేయాలి?

సీపీయూ మీటర్ సగటు చూపిస్తుంది, చిటపటకు కారణమయ్యేది క్షణకాలపు ఆటంకం. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ వంటివాటి డ్రైవర్లలో ఏదో ఒకటి ప్రాసెసర్‌ను కొన్ని మిల్లీసెకన్లు వదలకుండా పట్టుకుంటే, ఆ వ్యవధిలో ఆడియో డ్రైవర్‌కు వంతు రాదు. దీన్నే డీపీసీ లేటెన్సీ అంటారు. కంప్యూటర్ ఎంత ఖరీదైనదన్న దానితో దీనికి పెద్దగా సంబంధం లేదు. మంచి గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనూ ఇది తరచు కనిపిస్తుంది.

లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, పాట ప్లే చేస్తూ పది నిమిషాలు నడవనివ్వండి. డ్రైవర్ల ట్యాబ్‌లో ఎక్కువ సమయం తిన్నవాటి పేర్లు కనిపిస్తాయి. ఎన్‌డీఐఎస్ పేరు ముందుంటే నెట్‌వర్క్ డ్రైవర్‌ను అనుమానించాలి: వైఫై ఆపేసి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఏసీపీఐ ఉంటే బ్యాటరీ, పవర్ నిర్వహణ. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీల కింద ఉన్న ఏసీపీఐ కంట్రోల్ మెథడ్ బ్యాటరీని పరీక్ష కోసం డిసేబుల్ చేసి చూసి, తర్వాత మళ్లీ ఎనేబుల్ చేయండి, లేకపోతే ఛార్జ్ ఎంత మిగిలిందో కనిపించదు. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అన్నది ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్. డబ్ల్యూడీఎఫ్01000 కనిపిస్తే మాత్రం దాన్ని నిందించకండి: అది ఇతర డ్రైవర్లు ఆధారపడే చట్రం, అసలు దోషి దాని చాటున ఉంటుంది.

డ్రైవర్లను ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి తాజా చేయడం, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చడం, పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపడం తర్వాతి పనులు. కొన్ని ఇంటర్‌ఫేస్‌ల కంట్రోల్ ప్యానెల్‌లో బఫర్ సైజు కాక సేఫ్ మోడ్ వంటి మరో ఆప్షన్ ఉంటుంది. అది డ్రైవర్ లోపలి బఫర్, దాన్నీ పెంచి చూడండి. విండోస్‌ను మొత్తం తీసేసి మళ్లీ వేయమని సలహా ఇచ్చేవారు ఎక్కువమందే ఉంటారు, కానీ దోషి డ్రైవర్ ఏదో తెలియకుండా అలా చేస్తే అదే డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఛార్జర్ పెడితే గరగరమంటోంది, తీస్తే పోతోంది. ల్యాప్‌టాప్ మార్చాలా?

అక్కర్లేదు. ముందుగా స్పీకర్ల కేబుళ్లు తీసేసి, ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ జాక్‌లోనే వినండి. అక్కడ నిశ్శబ్దంగా ఉండి, స్పీకర్లలో మాత్రమే గరగర ఉంటే గ్రౌండ్ లూప్ ఏర్పడింది: ల్యాప్‌టాప్ ఛార్జర్ ద్వారా ఒక ఎర్త్, స్పీకర్ల ప్లగ్ ద్వారా మరో ఎర్త్, ఆ రెంటి నడుమ ఆడియో కేబుల్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ 'మ్మ్' శబ్దం 50, 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. మౌస్ కదిపినప్పుడు మారే సన్నని కీచు కూడా ఈ దారినే వస్తుంది.

స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ (దారిలో పడే రొదను రద్దుచేసే) ఇన్‌పుట్ ఉంటే టీఆర్‌ఎస్ (జాక్ మూడు భాగాలుగా ఉండే) కేబుళ్లు వేయండి. ఎక్కువ సందర్భాల్లో అంతటితో సరిపోతుంది. ల్యాప్‌టాప్, స్పీకర్లు, మానిటర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఆ బోర్డు ఉన్న సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పాత ఇళ్లలో మరీను. ప్లగ్ మూడో పిన్ను విరిచేస్తే గరగర పోతుందని ఎవరైనా చెబితే వినకండి. శబ్దం పోవచ్చు, కానీ షాక్ నుంచి కాపాడే తీగ అదే. యూఎస్‌బీ తీగ ద్వారా ఏర్పడే ఎర్త్ బంధాన్ని తెంచే ఐసొలేటర్లూ దొరుకుతాయి, కానీ చవకవాటిలో చాలావాటి వేగం 12 మెగాబిట్లే కాబట్టి క్లాస్ 2 ఇంటర్‌ఫేస్‌లతో అవి సరిగా పనిచేయవు.

పాట కాస్త వేగంగా, శ్రుతి పెరిగి వినిపిస్తోంది. ఎందుకు?

44,100 హెర్ట్జ్ ఫైలును ఎక్కడో 48,000గా భావించి ప్లే చేస్తున్నారు. వేగం దాదాపు 9 శాతం, శ్రుతి సుమారు ఒకటిన్నర స్వరస్థానాలు పెరుగుతాయి. ఒకటో శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో వినిపిస్తుంది. శ్రుతి తగ్గి, నెమ్మదిగా వినిపిస్తే ఇదే పొరపాటు తిరగబడిందన్నమాట. ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్, విండోస్ మూడుచోట్లా రేటు ఒకటే ఉండేలా చూడండి. వీడియో కోసమైతే 48,000 ఎంచుకోండి. అప్పటికే తప్పు రేటు ముద్ర పడిన ఫైలును సాగదీసి సరిచేయకండి. రేటు ముద్రను మాత్రమే మార్చే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నష్టం లేకుండా బాగవుతుంది.

యూఎస్‌బీ మైక్, ఇంటర్‌ఫేస్ రెండూ కలిపి వాడుతుంటే అప్పుడప్పుడు 'టిక్' మంటోంది. కాసేపటికి రెండూ కలవడం లేదు కూడా.

రెండింటికీ సొంత క్లాక్ ఉంది. రెండూ 48,000 అనే చెప్పుకున్నా సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా సెకనుకు 2.4 శాంపుళ్లు, గంటకు 180 మిల్లీసెకన్ల దూరం పెరుగుతుంది. పేరుకున్న ఆ తేడాను సర్దడానికి శాంపుళ్లు వదిలేసిన ప్రతిసారీ టిక్ వినిపిస్తుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో అగ్రిగేట్ డివైస్ సృష్టించి, ఒకదాన్ని క్లాక్‌గా ఎంచి, రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టండి. విండోస్‌లో రెండు పరికరాలను ముడివేయడం కన్నా రెండు మైకులనూ ఒకే ఇంటర్‌ఫేస్‌కు పెట్టడం ఉత్తమం. ఆప్టికల్ లేదా ఎస్‌పీడీఐఎఫ్ తీగతో కలిపిన పరికరాల్లో ఒకటి ఇంటర్నల్ క్లాక్‌పై, రెండోది ఎక్స్‌టర్నల్ క్లాక్‌పై ఉండాలి.

## పాడేటప్పుడు, వినేటప్పుడు

హెడ్‌ఫోన్‌లో నా గొంతు రెండుసార్లు వినిపిస్తోంది.

ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటర్ మీ గొంతును ఆలస్యం లేకుండా నేరుగా వినిపిస్తోంది, సాఫ్ట్‌వేర్ అదే గొంతును కొంత ఆలస్యంగా మళ్లీ పంపుతోంది. రెంటిలో ఒకటి ఆపండి. రివర్బ్ (గదిలో పాడినట్టు ప్రతిధ్వని కలిపే ఎఫెక్టు) లేకుండా పాడగలిగితే డైరెక్ట్ మానిటరే ఉంచుకోవడం మంచిది. అప్పుడు బఫర్ పెద్దదిగా ఉన్నా పాడేవారికి ఇబ్బంది లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో రికార్డు చేయవచ్చా?

వద్దు. బ్లూటూత్ ఆలస్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. తాళంతో కలిసి పాడటం కుదరదు.

గెయిన్ ఎంత పెట్టాలి?

మీ పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోటు పాడి చూసి, మీటర్ అక్కడ మైనస్ 12 డెసిబెళ్ల చుట్టూ ఆగేలా గెయిన్ పెట్టండి. 24 బిట్ల రికార్డింగ్‌లో మీటర్‌ను పైదాకా నింపాల్సిన పని లేదు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. కన్వర్టర్ దగ్గరే క్లిప్ అయిన శబ్దం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ తగ్గిస్తే బాగుపడదు.

## ఆన్‌లైన్ క్లాసులు, లైవ్

జూమ్‌లో తంబూరా నా విద్యార్థులకు వినిపించడం లేదు, పల్లవి ఎత్తుకోగానే గొంతు కూడా మింగేస్తోంది. ఇంటర్‌ఫేస్ పనిచేయడం లేదా?

ఇంటర్‌ఫేస్ బాగానే పనిచేస్తోంది. మాటలను మాత్రమే ఉంచి మిగతాదాన్ని రొదగా భావించి తీసేయడం జూమ్ స్వభావం. నిలకడగా మోగే తంబూరా ఫ్యాన్ శబ్దంలాగే దానికి తోస్తుంది. దీర్ఘంగా నిలిపిన స్వరానికీ అదే గతి. అమెరికాలోని పిల్లలకు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పాఠం చెప్పే గురువులందరికీ ఈ బాధ పరిచయమే. ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ ఎంచుకొని, హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ టిక్ పెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటేనే ఎకో క్యాన్సలేషన్ ఆపండి. తరగతి మొదలయ్యాక తెర మీద కనిపించే ఒరిజినల్ సౌండ్ బటన్ ఆన్‌లో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. శిష్యులు పాడేటప్పుడు వారి వైపూ ఇదే సెట్టింగ్ ఉండాలి.

కాల్ రాగానే కంప్యూటర్‌లో మిగతా సౌండ్ అంతా తగ్గిపోతోంది.

విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ తెరిచి, ఇతర శబ్దాలను 80 శాతం తగ్గించాలన్న ఎంపికను డూ నథింగ్‌కు మార్చండి.

ఓబీఎస్ లైవ్‌లో అందరికీ నా మాట ప్రతిధ్వనిస్తోంది.

మీ మైక్ శబ్దం రెండు దారుల్లో ఓబీఎస్‌కు చేరుతోంది. మైకుకు మానిటర్ అండ్ అవుట్‌పుట్ పెట్టి, డెస్క్‌టాప్ ఆడియో తీసుకునే పరికరంలోనే మానిటరింగ్ కూడా వినిపిస్తే ఆ మాట డెస్క్‌టాప్ ఆడియోగా మళ్లీ లోపలికొస్తుంది. మానిటరింగ్ ఆపి, ఇంటర్‌ఫేస్ డైరెక్ట్ మానిటర్‌తో వినండి. లూప్‌బ్యాక్ ఛానెల్, డెస్క్‌టాప్ ఆడియో రెండూ ఆన్‌లో ఉన్నా పాట ఇలాగే రెండుసార్లు పడుతుంది, ఒక్కటే ఉంచండి.

## అన్నీ చేసి చూశాక

ఇంటర్‌ఫేస్‌లోనే లోపం ఉందని ఎప్పుడు తేల్చుకోవాలి?

మరో కంప్యూటర్‌లో, మరో కేబుల్‌తో, అదే మైకుతో అదే శబ్దం వస్తే. వీలైతే ఆ రెండో కంప్యూటర్ మ్యాక్ అయితే మంచిది, ఎందుకంటే క్లాస్ ప్రమాణం పాటించే ఇంటర్‌ఫేస్‌లు అందులో అదనపు డ్రైవర్ లేకుండా నడుస్తాయి; విండోస్ డ్రైవర్ల సందేహం అక్కడితో తొలగిపోతుంది. రెండుచోట్లా ఒక్క ఇన్‌పుట్‌లో మాత్రమే గరగర వచ్చి, రెండోది శుభ్రంగా ఉంటే లోపం ఆ ఇన్‌పుట్‌ది. వారంటీ ఉన్నప్పుడు పెట్టె విప్పకండి. సర్వీసుకు పంపేటప్పుడు ఏ కంప్యూటర్, ఏ డ్రైవర్ వెర్షన్, ఏ శాంపుల్ రేటు, ఏ బఫర్ దగ్గర శబ్దం వచ్చిందో రాసి, చిటపట పడిన చిన్న ఫైలునూ జతచేయండి.